జీపీఎంజీ: పొద్దున్నే గ్రౌండ్‌లో పిల్లలు అడిగే ప్రశ్నలు, నా జవాబులు

మాది చిత్తూరు పక్కన పల్లె. సైన్యంలో పదిహేడేళ్లు చేసి వచ్చాను. అందులో ఎక్కువ భాగం మెషిన్ గన్ జట్టులోనే గడిచింది. ఇప్పుడు తిరుపతిలో ఉంటున్నాను. తెల్లవారుజామున యూనివర్సిటీ గ్రౌండ్‌లో ఆర్మీ ర్యాలీ కోసం పరుగెత్తే పిల్లలతో నేనూ నాలుగు రౌండ్లు వేస్తాను. రన్నింగ్ అయ్యాక చెట్టు కింద కూర్చుంటే వాళ్లు ముందు అడిగేది జీతం గురించి కాదు, గన్నుల గురించి. అందులోనూ స్పెషల్ ఫోర్సెస్ కమాండోలు మోసే పెద్ద మెషిన్ గన్ గురించే ఎక్కువ. రోజూ చెప్పిందే చెబుతున్నాను కాబట్టి ఒకచోట రాసి పెడుతున్నాను. ఒక మాట ముందే చెప్పాలి: నేను స్పెషల్ ఫోర్సెస్‌లో పనిచేయలేదు. మామూలు పదాతి దళం నాది. కానీ ఆ గన్‌ను మోశాను, తుడిచాను, దాని పక్కనే పడుకున్నాను.

సార్, జీపీఎంజీ అంటే అసలు ఏంటి?

జనరల్ పర్పస్ మెషిన్ గన్. అన్ని పనులకూ ఒకే గన్ అని అర్థం. మొదటి ప్రపంచ యుద్ధం నాటికి మెషిన్ గన్లు రెండు రకాలుగా ఉండేవి. ఒకటి బరువైనది, నీళ్లతో చల్లబరిచేది, ఒకచోట పాతుకుని కూర్చునేది. రెండోది తేలికైనది, సిపాయి చేతిలో పట్టుకుని పరుగెత్తేది. 1930లలో జర్మన్లు ఈ రెండు పనులూ ఒక్కదానితోనే చేయించాలని ఎంజీ 34 తయారుచేశారు. ముందు రెండు కాళ్లు విప్పితే తేలికపాటి గన్, మూడు కాళ్ల స్టాండు మీద పెడితే భారీ గన్. వాహనం మీదా, ట్యాంకులోనూ అదే. ఆ ఆలోచననే తర్వాత అందరూ పట్టుకున్నారు.

కొన్నిచోట్ల దీన్నే యూనివర్సల్ మెషిన్ గన్ అంటారు. ఈ పేరు మీకు కార్గిల్ కథలో తగులుతుంది. 1999 జూలై 4న 13 జాక్ రైఫిల్స్‌కు (జమ్మూ కశ్మీర్ రైఫిల్స్ 13వ బెటాలియన్) చెందిన రైఫిల్‌మన్ సంజయ్ కుమార్ ఒంటినిండా గాయాలతోనే శత్రువు బంకర్ మీద పడ్డాడు. వాళ్లు వదిలేసిన యూనివర్సల్ మెషిన్ గన్‌ను అందుకుని, పారిపోతున్న వాళ్ల మీదికే తిప్పాడు. ఆయనకు పరమవీర చక్ర ఇచ్చారు. పరీక్షలో అడుగుతారని కాదు, మనసులో ఉండాలని చెబుతున్నాను.

ఎల్ఎంజీ, ఎంఎంజీ అని కూడా అంటారు కదా. అవి వేరా?

పేర్లు పనిని బట్టి వచ్చాయి. సెక్షన్‌తో, అంటే పదిమంది చిన్న జట్టుతో పాటు పరుగెత్తేది ఎల్ఎంజీ, లైట్ మెషిన్ గన్. స్టాండు మీద కూర్చుని దూరం నుంచి కాపు కాసేది ఎంఎంజీ, మీడియం మెషిన్ గన్. ప్రపంచం జీపీఎంజీ అని పిలిచే బెల్జియం మ్యాగ్ గన్‌ను మన సైన్యంలో అందరూ ఎంఎంజీ అనే అంటారు. కొత్తగా చేరినవాడు జీపీఎంజీ అంటే శిక్షణ ఇచ్చే ఉస్తాద్ ఒకసారి తలెత్తి చూస్తాడు, అంతే.

మ్యాగ్ ఎక్కడిది?

బెల్జియంలో హెర్‌స్టాల్ అనే ఊళ్లో ఎఫ్ఎన్ అనే పాత ఆయుధ కంపెనీ ఉంది. అక్కడ ఎర్నెస్ట్ వెర్వియే అనే డిజైనర్ 1950లలో దీన్ని రూపొందించాడు. అంతకుముందే నిరూపించుకున్న రెండు గన్ల మంచి గుణాలను కలిపాడు. తలుపు మూసుకుని గడియ పడినట్టు బోల్టు బిగుసుకునే పద్ధతిని అమెరికన్ల బీఏఆర్ అనే ఆటోమేటిక్ రైఫిల్ నుంచి తీసుకుని తలకిందులు చేశాడు. తూటాల బెల్టును పక్కకు లాగే పద్ధతిని జర్మన్ల ఎంజీ 34 తర్వాత వచ్చిన ఎంజీ 42 నుంచి తీసుకున్నాడు. కొత్తగా కనిపెట్టాలన్న పట్టుదల కంటే, పనిచేసేదాన్ని గుర్తుపట్టే చూపు గొప్పదని నాకు ఈ గన్ విప్పినప్పుడల్లా అనిపించేది.

స్వీడన్ దీన్ని తొలినాళ్లలోనే తీసుకుంది. బ్రిటన్‌లో ఎల్7 అయింది. అమెరికా 1977లో ముందు ట్యాంకుల కోసం తీసుకుని ఎం240 అని పేరు పెట్టింది. తర్వాత అక్కడి పదాతి దళానికీ అదే వచ్చింది. ఇప్పుడు 80కి పైగా దేశాల్లో ఉంది.

మన దేశంలో తయారవుతుందా?

అవుతుంది. కాన్పూర్‌లోని స్మాల్ ఆర్మ్స్ ఫ్యాక్టరీలో లైసెన్సు మీద ఎంజీ 2ఎ1 పేరుతో తయారుచేస్తున్నారు. వాహనాలకు అమర్చే రకాలూ అక్కడివే. 2021 అక్టోబర్ 1న ఆయుధ కర్మాగారాల బోర్డును ఏడు ప్రభుత్వ కంపెనీలుగా విడగొట్టినప్పుడు ఆ ఫ్యాక్టరీ అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా కిందికి వచ్చింది.

బరువెంత? మోయగలమా?

గన్ ఒక్కటే సుమారు 11.8 కిలోలు. ఇంట్లో 25 కిలోల బియ్యం బస్తా ఎత్తినవాళ్లకు ఇదేముందిలే అనిపిస్తుంది. బస్తా ఎత్తి పది అడుగుల్లో దింపేస్తాం. దీన్ని దింపడం ఉండదు. పైగా ఇది బస్తాలా ఒంటికి అతుక్కోదు. పొడవు 1.26 మీటర్లు. ఎక్కడ పట్టుకున్నా ఒక ఇనుప మూల పక్కటెముకల్లోకి పొడుస్తుంది. అలిపిరి మెట్లు మీరంతా ఎక్కినవాళ్లే. 3,550 మెట్లు చేతులూపుకుంటూ ఎక్కితేనే గాలిగోపురం దగ్గర కాళ్లు వణుకుతాయి. అలాంటి ఎక్కుడును మెట్లు లేని కొండ మీద, చీకట్లో, భుజాన ఈ గన్‌తో, వీపున సంచితో ఊహించుకోండి.

అసలు బరువు తూటాలది. వంద తూటాల బెల్టు సుమారు 3 కిలోలు తూగుతుంది. ఆరు వందలు కావాలంటే 18 కిలోలు. అందుకే ఒక్కడి పని కాదిది. నంబర్ వన్ గన్ మోస్తాడు, నంబర్ టూ తూటాలూ స్పేర్ బ్యారెలూ (గన్ గొట్టం) మోస్తాడు. మిగతా సెక్షన్ వాళ్లు తలా ఒక బెల్టు పంచుకుంటారు. పెళ్లికి అందరూ తలా ఒక పని అందుకున్నట్టే. నా నంబర్ టూ బీహార్ కుర్రాడు. నా భాష వాడికి రాదు, వాడి భోజ్‌పురి నాకు రాదు. గన్ దగ్గర మాత్రం నేను భుజం కొంచెం ఎత్తితే చాలు, తర్వాతి బెల్టు నా చేతికొచ్చేది.

నిమిషానికి వెయ్యి తూటాలంట, నిజమేనా?

అంకె నిజమే. గ్యాస్ రెగ్యులేటర్ పెట్టిన స్థానాన్ని బట్టి నిమిషానికి 650 నుంచి 1,000 దాకా వెళ్లే వేగం దానికుంది. కానీ ఆ వేగంతో నిమిషం పాటు ఎవడూ కాల్చడు. లెక్క వేయండి. 750 వేగంతో ట్రిగ్గర్ నొక్కి పట్టుకుంటే వంద తూటాల బెల్టు ఎనిమిది సెకన్లలో ఖాళీ. మూడు కిలోల బరువును కొండంతా మోసుకొచ్చి ఎనిమిది సెకన్లలో గాల్లో కలిపేశారన్నమాట.

అసలు పని చిన్న చిన్న బర్స్టుల్లో ఉంది. నిలకడగా కాల్చేటప్పుడు ఆరు నుంచి తొమ్మిది తూటాలు, నాలుగైదు సెకన్ల విరామం, మళ్లీ ఆరు నుంచి తొమ్మిది. అలా నిమిషానికి సుమారు వంద. ఆ విరామంలో చూస్తాం: తూటాలు ఎక్కడ పడ్డాయి, దుమ్ము ఎటు లేచింది, మనవాళ్లు ఎంత దూరం వెళ్లారు. మామిడి తోటలో పైపుతో నీళ్లు పడతారు చూడండి. పైపు ఒకేచోట పట్టినా నీళ్లు ఒక చుక్క మీద పడవు, కోలగా ఒక మడిలా పరుచుకుంటాయి. దూరాన తూటాలు పడేదీ అలాగే. ఆ మడిని కావలసిన చోట పరచడమే గన్నర్ విద్య. ట్రిగ్గర్ నొక్కడం ఎవరికైనా ఒక పూటలో వస్తుంది. వేలు వదలడం రావడానికి నాకు ఏడాది పట్టింది.

బ్యారెల్ ఎందుకు మారుస్తారు?

వేడి. దీపావళికి టపాకాయల సరం కాల్చిన చోట నేలమీద చెయ్యి పెట్టి చూడండి, ఎంతసేపు వేడిగా ఉంటుందో. తూటా ప్రతిదీ బ్యారెల్లో కొంత వేడిని వదిలిపోతుంది. నిమిషానికి వంద చొప్పున అయితే పది నిమిషాలకు ఒకసారి బ్యారెల్ మార్చమంటారు. రెండు వందల చొప్పున అయితే రెండు నిమిషాలకే. మార్చకపోతే తూటాను తిప్పే లోపలి గాడులు అరిగిపోతాయి, గురి చెదిరిపోతుంది.

ఈ గన్ గొప్పతనం ఇక్కడే తెలుస్తుంది. బ్యారెల్‌కే ఒక పిడి ఉంటుంది. అదే మోసే పిడి, అదే బ్యారెల్ విప్పే పిడి. లాక్ నొక్కి, పిడి తిప్పి, ముందుకు లాగితే బ్యారెల్ చేతిలోకి వచ్చేస్తుంది. మంచి జట్టుకు ఇది కొన్ని సెకన్ల పని. అదే వియత్నాం కాలం నాటి అమెరికన్ ఎం60లో బ్యారెల్‌కు పిడి లేదు, పైగా ముందు కాళ్లు బ్యారెల్‌కే బిగించి ఉండేవి. వేడి తట్టుకునే మందపాటి గ్లౌజు తొడుక్కుని మార్చాలి. యుద్ధం మధ్యలో ఆ గ్లౌజు ఎక్కడో పడిపోతే ఏం చేస్తాడు పాపం! ఒక్క పిడి లేకపోవడం వల్ల ఎంతమంది చేతులు కాలాయో.

నా చేతికీ ఒక మచ్చ ఉంది. గన్ తప్పు కాదు, నాదే. ఎండాకాలం ఫైరింగ్ రేంజ్‌లో ప్రాక్టీసు. విప్పిన బ్యారెల్‌ను నంబర్ టూ పక్కన గోనెపట్టా మీద పెట్టాడు. అది చూడటానికి మామూలు నల్ల ఇనుములాగే ఉంది, ఎర్రగా ఏమీ లేదు. పట్టా సర్దుతూ ముంజేయి ఆనించాను. చర్మం దానికే అంటుకుపోయింది. నూనె కాలిన వాసన, దానితో పాటే చర్మం కాలిన వాసన. ఇప్పటికీ ఇంట్లో పెనం మీద నూనె మాడితే నా చెయ్యి దానంతటదే వెనక్కి పోతుంది.

లోపల ఎలా పనిచేస్తుంది?

క్లుప్తంగా చెబుతాను. తూటా బ్యారెల్లో వెళ్తుండగా దాని వెనకున్న గ్యాస్‌లో కొంత ఒక రంధ్రం గుండా కిందికి దిగి పిస్టన్‌ను వెనక్కి తంతుంది. పిస్టన్‌తో బోల్టు వెనక్కి వెళ్లి ఖాళీ తొడుగును బయటికి తోసేస్తుంది. స్ప్రింగు దాన్ని మళ్లీ ముందుకు నెడుతుంది. ఆ రాకపోకల్లోనే పైన బెల్టు ఒక గడి జరుగుతుంది. కాల్పులు ఆపినప్పుడు బోల్టు వెనకే ఆగి ఉంటుంది. లోపలికి గాలి ఆడుతుంది. వేడికి తూటా దానంతటదే పేలే ప్రమాదం తగ్గుతుంది.

ఎంత దూరం పోతుంది?

ముందు కాళ్ల మీద పెట్టి 800 మీటర్లు, మూడు కాళ్ల స్టాండు మీద 1,800 మీటర్ల దాకా పనికొస్తుంది. తూటా సెకనుకు సుమారు 840 మీటర్ల వేగంతో బయలుదేరుతుంది. శబ్దం సెకనుకు 340 మీటర్లే కదా. అందుకే అటు వైపున్న వాడికి ముందు నెత్తిమీద కొరడా ఝళిపించినట్టు 'టప్' మని వినిపిస్తుంది, గన్ మోత తర్వాత వస్తుంది. పలమనేరు, కుప్పం వైపు పిల్లలు చెబుతుంటారు, రాత్రిళ్లు ఏనుగులను తరమడానికి పేల్చే టపాకాయల చప్పుడు ఏ పొలం నుంచి వచ్చిందో పడుకున్న చోటి నుంచే చెప్పేస్తామని. ఆ చెవి సైన్యంలో పనికొస్తుంది. కొరడా మోతకూ గన్ మోతకూ మధ్య ఉన్న జాగాను బట్టే కాల్చేవాడు ఎంత దూరంలో ఉన్నాడో అంచనా కడతారు.

స్పెషల్ ఫోర్సెస్ వాళ్లు తేలికగా, చప్పుడు లేకుండా వెళ్లాలి కదా. ఇంత బరువు ఎందుకు మోస్తారు?

మీరు అడిగే అన్నిట్లోకీ నాకు నచ్చిన ప్రశ్న ఇది. చిన్న జట్టుకే పెద్ద గన్ ఎక్కువ అవసరం. వంద మంది ఉన్న కంపెనీకి చుట్టూ తుపాకులే. ఆరుగురే శత్రువు నేల మీదికి వెళ్లి, అనుకోకుండా ముప్పై మందికి ఎదురుపడితే? వాళ్లకు వెనక నుంచి వచ్చే సాయం గంటల దూరంలో ఉంటుంది. ఆ క్షణంలో ఎదుటివాళ్లను తల ఎత్తనివ్వకుండా చేసి, మనవాళ్లు ఒక్కొక్కరుగా వెనక్కి జరిగే వ్యవధిని సంపాదించి పెట్టేది ఈ గన్. చంపడం కంటే ముందు దాని పని ఆపడం. గన్నర్ అందరికంటే చివర కదులుతాడు. అది రాసిపెట్టిన రూలేమీ కాదు, గన్ ఎక్కడుందో దాన్ని బట్టి అలా వస్తుంది.

ఇంకో కారణం దూరం. అఫ్గానిస్తాన్ కొండల్లో ఒక శిఖరం నుంచి ఇంకో శిఖరం మీదికి కాల్పులు జరిగేవి. మామూలు రైఫిళ్ల చిన్న 5.56 మిల్లీమీటర్ల తూటా అంత దూరంలో నీరసించిపోతుంది. ఈ గన్ కాల్చే 7.62 మిల్లీమీటర్ల తూటా అక్కడా బలంగా తగులుతుంది, మట్టిగోడనూ చెట్టునూ లెక్కచేయదు. 1991 గల్ఫ్ యుద్ధంలో బ్రిటన్ ఎస్ఏఎస్ కమాండోలు ఇరాక్ ఎడారిలోకి తీసుకెళ్లిన ల్యాండ్ రోవర్ల మీదా ఈ గన్లే బిగించారు. అక్కడ బరువు బండి మోస్తుంది, ఇంక బాధేముంది.

మరి తేలికైనవి రాలేదా?

వచ్చాయి. అమెరికా స్పెషల్ ఫోర్సెస్ కోసం ఎఫ్ఎన్ కంపెనీయే తన చిన్న గన్ మినిమీ ఆధారంగా ఎంకే 48 తయారుచేసింది. తూటా అదే 7.62, బరువు సుమారు 8.2 కిలోలు. అక్కడి నౌకాదళ కమాండోలు, నేవీ సీల్స్ దగ్గర పాత ఎం60 రకం స్థానంలోకి వచ్చింది. రష్యన్ల పీకేఎం 1969 నుంచే 7.5 కిలోల్లో ఉంది. ఏకే-47 చేసిన కలష్నికోవ్ చేతి పని అది. ఆ విషయంలో ఆయనకు దండం పెట్టాల్సిందే.

మన దగ్గర ఇజ్రాయెల్ నెగెవ్ వచ్చింది. 2020 మార్చిలో 16,479 నెగెవ్ ఎన్‌జీ-7 గన్ల కోసం ఒప్పందం కుదిరింది. బరువు 8 కిలోలకు కాస్త అటూ ఇటూ. దీనికి ఒక్కో తూటాగా కాల్చే ఏర్పాటు కూడా ఉంది, మెషిన్ గన్లలో అది అరుదు.

తేలికైతే మంచిదే కదా అంటారు. సగమే నిజం. బరువున్న గన్ కాల్చేటప్పుడు కుదురుగా ఉంటుంది, బ్యారెల్ వేడిని ఎక్కువసేపు తట్టుకుంటుంది. రోజంతా ఒక గుట్ట మీద కూర్చుని కాపు కాయాలంటే నేను ఇప్పటికీ పాత మ్యాగ్‌నే కోరుకుంటాను. రాత్రంతా నడిచి తెల్లారేలోపు తిరిగి రావాలంటే మాత్రం నెగెవ్.

7.62 అంటే ఏకే-47 తూటాయే కదా?

కాదు. ఈ పొరపాటు చాలామంది చేస్తారు. 7.62 అన్నది బ్యారెల్ లోపలి రంధ్రం వ్యాసం మిల్లీమీటర్లలో. తొడుగు పొడవు వేరు. ఏకేది 39 మిల్లీమీటర్లు, మ్యాగ్, నెగెవ్‌లది 51, పీకేఎంది 54. ఒకదాని తూటా ఇంకోదాంట్లో పట్టదు. 2019లో మన సైన్యం కోసం 72,400 సిగ్ 716 రైఫిళ్లకు ఆర్డర్ ఇచ్చారు. వాటిదీ 51 మిల్లీమీటర్ల తూటాయే.

సినిమాల్లో హీరో నడుము దగ్గర పట్టుకుని, రెండు నిమిషాలు ఆపకుండా కాలుస్తాడు కదా?

భుజానికి పట్టీ వేసుకుని నడుము దగ్గర నుంచి కాల్చవచ్చు, అది నేర్పిస్తారు కూడా. అతి దగ్గరి నుంచి దూకుడుగా వెళ్లాల్సినప్పుడు పనికొస్తుంది. కానీ గురి ఉండదు. రెండు నిమిషాలు ఆపకుండా అంటే పదిహేను వందల తూటాలు, నలభై అయిదు కిలోల బెల్టులు. ఆ హీరో వెనక ఆటో కట్టుకుని రావాలి.

సినిమా వదిలేయండి. 1971 డిసెంబర్‌లో అప్పటి తూర్పు పాకిస్తాన్‌లోని గంగాసాగర్ దగ్గర మన లాన్స్ నాయక్ ఆల్బర్ట్ ఎక్కా ఎదురుపడింది ఇలాంటి గన్లకే. ఒక ఎల్ఎంజీ బంకర్‌ను బయొనెట్‌తో ఆపాడు. గాయపడ్డాక కూడా పాకుతూ వెళ్లి, రెండంతస్తుల ఇంట్లోంచి తన కంపెనీని చీల్చుతున్న ఎంఎంజీ మీద గ్రెనేడ్ వేశాడు. అది ఆగాకే ఆయన ప్రాణం పోయింది. మెషిన్ గన్ అంటే ఏంటో తెలియాలంటే దాన్ని కాల్చేవాడి వైపు నుంచి మాత్రమే చూడకండి.

తిరుమలలో ఉండే ఆక్టోపస్ (ఉగ్రవాదులను ఎదుర్కొనే రాష్ట్ర పోలీసు దళం) కమాండోల దగ్గర ఇలాంటిది ఉంటుందా?

ఎవరి దగ్గర ఏ ఆయుధం ఉందో నేను చెప్పకూడదు, మీరు అడగకూడదు. కానీ ఒకటి ఆలోచించండి. జనం కిక్కిరిసిన క్యూలైన్, రాతి గోడలు, పిల్లలు. అక్కడ వందల మీటర్లు పోయే, గోడలు తొలిచే తూటా ఏం చేస్తుంది? బందీలను విడిపించే పనికి ఎన్ఎస్‌జీ (నేషనల్ సెక్యూరిటీ గార్డ్) కమాండోల లాంటివాళ్లు ఎంపీ5 లాంటి చిన్న గన్లు వాడటానికి కారణం అదే. పనిని బట్టి పనిముట్టు.

మన జిల్లా నుంచి స్పెషల్ ఫోర్సెస్‌కు వెళ్లినవాళ్లు ఉన్నారా?

లాన్స్ నాయక్ సాయితేజ పేరు మీకు తెలియదంటే నాకు బాధేస్తుంది. అప్పటి చిత్తూరు జిల్లా కురబలకోట మండలం కుర్రాడు, పారా స్పెషల్ ఫోర్సెస్ కమాండో. త్రివిధ దళాధిపతి జనరల్ బిపిన్ రావత్ రక్షణ బాధ్యతలో ఉండగా 2021 డిసెంబర్ 8న కూనూరు దగ్గర జరిగిన హెలికాప్టర్ ప్రమాదంలో ఆయనతో పాటే వెళ్లిపోయాడు. మదనపల్లె వైపు పల్లెలో పుట్టినవాడు అక్కడిదాకా చేరాడు.

దారి ఏంటంటే, ముందు సైన్యంలోకి రావాలి. తర్వాత మీ అంతట మీరే ముందుకు రావాలి, ఎవరూ పంపరు. ప్రొబేషన్‌లో చాలామంది వెనుదిరుగుతారు. పారాచూట్ రెజిమెంట్ ట్రైనింగ్ సెంటర్ మనకు పక్కనే, బెంగళూరులోనే ఉంది.

చెవులు పోతాయా సార్?

జాగ్రత్త లేకపోతే పోతాయి. నా ఎడమ చెవిలో రాత్రి పూట కీచురాయి అరుస్తూనే ఉంటుంది. కుర్రతనంలో చెవిలో పెట్టుకోమని ఇచ్చినవి జేబులో వేసుకుని తిరిగాను. మా ఆవిడ ఎడమ వైపు నుంచి పిలిస్తే వినిపించదు, కావాలనే పలకలేదనుకుని మొదట్లో కోప్పడేది. రేంజ్‌లో ప్లగ్గులు ఇస్తే పెట్టుకోండి నాయనా. నామోషీ ఏమీ లేదు.

లైసెన్సు మీద కొనుక్కోవచ్చా?

లేదు. ట్రిగ్గర్ నొక్కి ఉంచితే వరుసగా పేలే ఏ తుపాకీ అయినా 1959 ఆయుధాల చట్టం ప్రకారం నిషేధిత ఆయుధమే. 2019 సవరణ తర్వాత అలాంటిది దగ్గర పెట్టుకుంటే ఏడు నుంచి పద్నాలుగేళ్ల జైలు. సరదాకు ఫోటో దిగుదామని కూడా అటు పోకండి. పోలీసు వెరిఫికేషన్‌లో ఒక్క కేసు కనిపించినా మీ ర్యాలీ కల అక్కడే ఆగిపోతుంది.

మరి దగ్గర నుంచి చూసేదెలా?

సైన్యం అప్పుడప్పుడు 'నో యువర్ ఆర్మీ' అని మేళాలు పెడుతుంది. అక్కడ బల్లల మీద ఆయుధాలు పరిచి, పక్కన జవాన్లు నిలబడి చూపిస్తారు. వెళ్లినప్పుడు సెల్ఫీ తర్వాత తీసుకోండి. ముందు అక్కడున్న జవాన్‌ను పలకరించి, ఈ బ్యారెల్ ఎలా మారుస్తారన్నా అని అడగండి. వాళ్లకు ఆ ప్రశ్న వేసేవాళ్లు తక్కువ. చాలా సంతోషంగా విప్పి చూపిస్తాడు. ఆ పిడిని ఒకసారి పట్టుకుని చూడండి. వేల చేతులు పట్టుకుని పట్టుకుని దాని నలుపు అరిగి, అంచుల దగ్గర ఇనుము తెల్లగా తేలి ఉంటుంది.